నవలలు చదవని అటెండరు, మధ్యలో వదిలేసింది అడిగే మేడమ్: మా ఊరి లైబ్రరీ గురించి

ముందే చెప్పేస్తున్నా, ఊరి పేరు రాయను. ఒంగోలుకు పల్లెవెలుగులో యాభై నిమిషాలు, చుట్టూ పొగాకు చేలు, ఊళ్లో ఒక శాఖా గ్రంథాలయం. ఈ వివరాలు చాలు. పొగడటానికి ఎంత ఉందో తిట్టడానికీ దాదాపు అంతే ఉంది, రేపు ఎవరో ఇది చూసి మా లైబ్రరీ మేడమ్‌కి మెమో ఇప్పిస్తే ఆ పాపం నాకెందుకు.

నేను ఒంగోల్లో ఒక మందుల హోల్‌సేల్ షాపులో లెక్కలు రాస్తాను. పోను యాభై నిమిషాలు, రాను యాభై. మూడేళ్లు ఆ టైమంతా ఫోన్లో రీల్స్ చూడటానికే పోయింది. పోయిన వేసవిలో ఫోన్ బస్సు మెట్ల మీద పడి స్క్రీన్ పగిలింది, రిపేరుకిస్తే నాలుగు రోజులన్నాడు, రెండో రోజుకే నాకు పిచ్చెక్కినంత పనైంది. అమ్మే అంది, చిన్నప్పుడు చందమామలు చదివేదానివి కదా, లైబ్రరీ ఇంకా ఉందేమో చూసి రాకూడదూ అని. ఉంది. నీలం రంగు బోర్డు, బయట గేటుకి కట్టేసిన ఎవరిదో మేక, లోపల పేపర్లు చదివే పెద్దాళ్లు, కానిస్టేబుల్ పరీక్షకీ డీఎస్సీకీ చదువుకునే పిల్లలు. నవలల వైపు ఒక్క మనిషి లేడు. టేబుల్ దగ్గర అటెండరు బాబాయ్ చీటీలు అంటిస్తున్నాడు. "ఏదైనా మంచి థ్రిల్లర్ ఉంటే ఇవ్వండి బాబాయ్" అన్నా.

ఆయన ఎలాంటి థ్రిల్లర్ కావాలని అడగలేదు, ఎవరి నవల కావాలనీ అడగలేదు. లేచి ర్యాకు దగ్గరికి పోయి ఒక్కో పుస్తకం తీసి, ముందు అట్ట చూడకుండా నేరుగా వెనక అట్ట తెరిచి చూసి మళ్లీ పెట్టేస్తున్నాడు. అయిదోదో ఆరోదో తీసుకొచ్చి నా ముందు పెట్టాడు.

"ఇదిగో అమ్మా, ఇక్కడ చూడు."

వెనక అట్ట లోపల అంటించిన తేదీల చీటీ. మీరూ చూసే ఉంటారు, పుస్తకం తిరిగివ్వాల్సిన తేదీ ముద్ర ఒకదాని కింద ఒకటి పడుతూ పోతుంది. మామూలు నవలకి ఆ తేదీల మధ్య పదిహేను రోజులు, ఇరవై రోజులు, ఒక్కోసారి ఆర్నెల్లు దూరం ఉంటుంది. దీంట్లో 3వ తేదీ కింద 5, దాని కింద 8, దాని కింద 9. "పదిహేను రోజులు ఉంచుకోండని నేనే ముద్ర కొట్టి ఇచ్చా. ఎవరూ ఉంచుకోలా. ఒకామె పొద్దున తీసకపోయి మర్నాడు పొద్దున్నే వచ్చింది, కళ్లు ఎర్రగా. ఇంకేం కావాల?" అన్నాడు. మీరు చదివారా బాబాయ్ అంటే నవ్వాడు. "నేను నవలలు చదవనమ్మా, తేదీలు చదువుతా."

ఆ పుస్తకం నాకు ఒకటిన్నర రోజు పట్టింది. చీటీ నిజం చెప్పింది.

ఇక నాకు విద్య వచ్చేసిందనుకున్నా. తర్వాతి వారం బాబాయ్‌ని అడక్కుండా నేనే చీటీలు చూసి, తేదీలు బాగా దగ్గరదగ్గరగా ఉన్న ఒక లావు పుస్తకం ఏరుకుని ఇంటికి తీసుకుపోయా. ఘోరం. హీరో మొదటి యాభై పేజీలు కారు గురించి మాట్లాడతాడు, శవం సంగతి ఎవరికీ పట్టదు. మర్నాడే తెచ్చి టేబుల్ మీద పడేశా, ఇదేంది బాబాయ్, తేదీలు చూస్తే ఇట్లా ఉండె అని. ఆయన పుస్తకాన్ని పక్కకి తిప్పి, పేజీల అంచు నా కళ్ల ముందు పెట్టాడు. పేజీలు తిప్పే చోట, కింది మూల, వేళ్ల జిడ్డుకి కొంత మేర మట్టి రంగు తిరిగి ఉంది. ఆ రంగు నలభయ్యో పేజీ దగ్గర ఆగిపోయింది. అక్కణ్ణించి చివరిదాకా అంచు పెళ్లికొడుకు పంచెలా తెల్లగా ఉంది. "అందరూ తొందరగానే తెచ్చారు. నీలాగే" అన్నాడు. నాకు నవ్వాగలేదు. డిటెక్టివ్ పుస్తకాల్లో కూడా ఇంత శుభ్రమైన ఆధారం అరుదు.

కాబట్టి థ్రిల్లర్ కావాలంటే మా లైబ్రరీలో అటెండరు బాబాయ్ దగ్గరికే పోవాలి. తేదీలు, అంచు, రెండూ చూసి ఇస్తాడు. ఇంకో సంగతి కూడా చూస్తాడు, పుస్తకం తిరిగిచ్చినవాళ్లు అదే రచయితది ఇంకోటి అడిగారా లేదా అని, అది మాత్రం ఏ చీటీలో ఉండదు, ఆయన బుర్రలోనే ఉంటుంది.

మేడమ్‌ది వేరే దారి. ఆమె బాగా చదువుతుంది, సాయంత్రం నాలుగు నుంచి ఏడు దాకా జనం పల్చగా ఉన్నప్పుడు టేబుల్ సొరుగులో ఒక పుస్తకం తెరిచే ఉంటుంది. ఆమెను సలహా అడిగితే ఎదురు ప్రశ్న వేస్తుంది, "ఆఖరుగా ఏ పుస్తకం సగంలో పడేశావు?" అని. నచ్చినవి అడిగితే జనం గొప్పకి పెద్ద పెద్ద పేర్లు చెప్తారంట, పడేసినవి అడిగితే అబద్ధం ఆడరంట. నేను ఆ కారు హీరో సంగతి చెప్పా. ఇంకా ఎక్కడ చదువుతావు, ఎంతసేపు, పక్కన గోల ఉంటుందా అని అడిగింది. బస్సులో అన్నా. అయితే చిన్న అధ్యాయాలు కావాలి నీకు అని, ఎవరో లెక్చరర్ గారు రిటైరై పోతూ ఇచ్చిపోయిన ఇంగ్లీషు పుస్తకాల్లోంచి అగాథా క్రిస్టీది ఒకటి తీసింది, ది మర్డర్ ఆఫ్ రోజర్ అక్రాయిడ్. నా ఇంగ్లీషు ఇన్‌వాయిస్‌ల వరకే మేడమ్ అంటే, కథ చెప్పకుండా కథ పక్కన ఉన్న సంగతి చెప్పింది. ఆ నవల 1926లో వచ్చింది. అదే ఏడాది డిసెంబరులో ఆ రచయిత్రే కనపడకుండా పోయింది, కారు ఒకచోట దొరికింది, మనిషి లేదు. 11 రోజులు దేశమంతా వెతికితే చివరికి ఒక హోటల్లో వేరే పేరుతో దిగి ఉంది. ఎందుకట్లా చేసిందో తన ఆత్మకథలో కూడా రాయలేదు. ఇంత విన్నాక ఎవరైనా పుస్తకం అక్కడ పెట్టి పోగలరా? పదిహేను రోజులు చాల్లేదు, ఇంకోసారి గడువు రాయించుకున్నా. టంగుటూరు టోల్‌గేటు దగ్గర లారీల వెనక బస్సు ఆగి ఉండగా అసలు సంగతి బయటపడింది, నేను ముందుకి చదవడం ఆపేసి మళ్లీ మొదటి పేజీకి పోయా, ఈవిడ నన్ను ఎక్కడ మోసం చేసిందా అని. ఎక్కడా చేయలేదు, అదీ బాధ.

పాఠకుల సంగతికొస్తే, పొద్దున ఎనిమిదింటికి వచ్చే పెద్దాళ్లలో రెండు పార్టీలున్నాయి. రిటైర్డ్ కండక్టర్ ఒకాయన షాడో పార్టీ, ఆ గూఢచారి నవలలు రాసిన మధుబాబు తప్ప ఇంకొకళ్లు రాయలేదన్నట్టు మాట్లాడతాడు. ఎరువుల కొట్టాయన యుగంధర్ పార్టీ, కొమ్మూరి సాంబశివరావు సృష్టించిన డిటెక్టివ్ యుగంధర్, అతని అసిస్టెంటు రాజు, వాళ్ల మద్రాసు, అది ఆయన లోకం. "మీవాడు గోడలు దూకుతాడు, మావాడు గోడ చూసి చెప్తాడు" అని ఈయన, "మీవాడు కారు దిగేలోపు మావాడు రెండు దేశాలు తిరిగొస్తాడు" అని ఆయన. ఈ పుస్తకాలన్నీ ర్యాకులో ఉండవు, బీరువాలో తాళం వేసి ఉంటాయి, బయట పెడితే మాయమైపోతాయని. అడిగి తీసుకోవాలి. అడగటానికి సిగ్గుపడే కుర్రాళ్లు చాలామంది ఉన్నారు, అందుకే రాస్తున్నా, అడగండి, ఇస్తారు.

ఒకసారి తెలుగు పండితులు ఒకాయన, రిటైరై చాలా ఏళ్లయింది, ఈ గోల విని విసుక్కున్నాడు. డిటెక్టివ్ పుస్తకాలు చదివేవాళ్లకి సాహిత్యం ఎక్కడ ఒంటబడుతుంది అన్నాడు. మేడమ్ తల కూడా ఎత్తలేదు. "సమగ్ర ఆంధ్ర సాహిత్యం రాసిన ఆరుద్ర గారు డిటెక్టివ్ నవలలు కూడా రాశారు సార్" అంది. పండితులు గారు పేపరు కొంచెం పైకెత్తుకున్నారు.

నాకు అన్నిటికన్నా నచ్చిన పాఠకుడు మాత్రం బ్యారన్ పెదనాన్న. పొగాకు ఊళ్లవాళ్లకి చెప్పక్కర్లేదు, మిగతావాళ్లకి చెప్తా. సంక్రాంతి దాటాక ఆకు కొట్టి, కర్రలకి అల్లి, బ్యారన్ అనే ఆకు ఆరబెట్టే కొట్టంలో వేలాడదీసి కింద పొయ్యి వేసి ఆరబెడతారు. ఒక బ్యారన్ దిగాలంటే అయిదారు రోజులు పడుతుంది, వేడి మెల్లగా పెంచుకుంటూ పోయి చివర్లో ఈనె ఆరడానికి దాదాపు 160 డిగ్రీల ఫారన్‌హీట్ దాకా తీసుకుపోవాలి. రాత్రంతా ఒక మనిషి పొయ్యి దగ్గర మేలుకుని కర్ర ఎగదోస్తూ థర్మామీటరు చూస్తుండాలి. ఈయన పని అది. కాబట్టి ఈయనకి పుస్తకం అంటే నిద్ర రానివ్వని వస్తువు. సీజన్లో వారానికి రెండు థ్రిల్లర్లు తీసుకుపోతాడు, పేజీలన్నీ పొగ వాసనతో తిరిగొస్తాయి, ఏ పుస్తకం ఆయన చదివిందో ముక్కుతో చెప్పొచ్చు.

ఒక రాత్రి బాబాయ్ తేదీలు చూసి ఇచ్చిన పుస్తకం మరీ బాగుండి, పెదనాన్న పొయ్యి సంగతి మర్చిపోయాడంట. వేడి పడిపోయింది, తెల్లారేసరికి ఆకు కొంత రంగు చెడింది, రైతుతో చివాట్లు. ఆయన నేరుగా లైబ్రరీకొచ్చి, "యోవ్, ఇట్టాంటి పుస్తకాలు ఇస్తావా, నా కూలి పోయింది" అని బాబాయ్ మీద ఎగిరాడు, ఎగిరి, ఆ రచయితవి ఇంకేమున్నాయని అడిగాడు.

అప్పుడు మేడమ్ కల్పించుకుంది. మీకు హంతకులు వద్దు పెద్దాయనా, ఇది పట్టుకుపోండి అని కేశవరెడ్డి గారి అతడు అడవిని జయించాడు ఇచ్చింది. సన్న పుస్తకం. ఒక ముసలాయన, ఈనబోయే పంది తప్పిపోతుంది, దాన్ని వెతుక్కుంటూ చీకటి పడేవేళ అడవిలోకి పోతాడు, ఒక రాత్రి కథ, అంతే. బాబాయ్ ఆ పుస్తకం చీటీ చూసి పెదవి విరిచాడు, ముద్రల మధ్య నెలలు నెలలు దూరం. ఇది ఎవరూ తీసుకోరు మేడమ్ అన్నాడు. మూడో రోజు పెదనాన్న వచ్చాడు. కుర్చీలో కూర్చుని కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత అన్నాడు, "ఆ ముసిలోడు నెగడు వేసుకుని కూచుంటే నేనూ పొయ్యి ముందరే కూచోనుండా. కర్ర వేసేటప్పుడు ఆయనకీ ఒకటి వేసినట్టే ఉండె." ఆకు ఎట్లుందని బాబాయ్ అడిగాడు. ఒక్క ఆకు చెడలేదంట.

ఆ తర్వాత ఆ పుస్తకం చీటీ మీద ముద్రలు దగ్గరపడ్డాయి. బాబాయ్ ఇప్పుడు దాన్ని తన లెక్కలో థ్రిల్లర్ల పక్కన పెట్టాడు. 894.827 అని తెలుగు సాహిత్యానికి లైబ్రరీ నంబరు ఒకటుంది కానీ, మా ర్యాకులో పుస్తకం ఎక్కడుండాలో చివరికి నిర్ణయించేది బాబాయే.

బైండు పుస్తకాల గురించి చెప్పకపోతే తప్పు. మా అమ్మలూ పెద్దమ్మలూ వారపత్రికల్లో సీరియల్ పేజీలు చింపి, వారం వారం దాచి, అయిపోయాక దారంతో కుట్టించి అట్ట వేయించుకునేవాళ్లు కదా. అలాంటివి ఇళ్లు మారేటప్పుడు లైబ్రరీకి చేరాయి, ముప్ఫై దాకా ఉన్నాయి. వెనక పేజీలో సగం వంటల శీర్షిక, సగం తలనొప్పి మందు ప్రకటన, మధ్యలో మన హీరోయిన్ని ఎవరో వెంటాడుతుంటారు. నేను తీసుకున్నదాంట్లో సరిగ్గా పాడుబడ్డ బంగళా తలుపు తెరుచుకునే చోట ఒక వారం లేదు. తర్వాతి పేజీలో ఆమె ఆసుపత్రిలో ఉంది, చేతికి కట్టుంది! ఆ వారం ఏం జరిగింది? బాబాయ్‌ని అడిగితే, టీచరమ్మ వచ్చేదాకా ఆగమన్నాడు. సాయంత్రం ఆవిడ వచ్చింది, డెబ్బై దాటి ఉంటాయి, చేతిసంచిలో కూరగాయలు. పుస్తకం పేరు చెప్పగానే సంచి కింద పెట్టి, నలభై ఏళ్ల నాటి ఆ వారం కథ, ఎదురుగా పత్రిక ఉన్నట్టు, ఎవరు ఏ మెట్టు మీద నిలబడ్డారో కూడా చెప్పుకుంటూ పోయింది. డీఎస్సీ పిల్లలు పెన్నులు ఆపేసి విన్నారు. అయిపోయాక ఎరువుల కొట్టాయన మెల్లగా అన్నాడు, "అది కాదమ్మా, ఆ మెట్ల మీద నిలబడింది వాచ్‌మన్ కాదు, డాక్టరు." ఇక చూడాలి. ఇంతవరకు తేలలేదు. నేనైతే టీచరమ్మ మాటే నమ్మా, ఎందుకంటే ఆవిడ కథ బాగుంది.

పాఠకుల సలహాలకి ఒక పుస్తకం ఉంది, పాత లాంగ్ సైజు లెక్కల పుస్తకం, టేబుల్ మీద దారంతో కట్టి ఉంటుంది. నవంబరు 14 నుంచి 20 దాకా జరిగే గ్రంథాలయ వారోత్సవాల్లో పిల్లల కోసం పెట్టారంట, పెద్దాళ్లు లాక్కున్నారు. పుస్తకం నంబరు, ఒకటి రెండు ముక్కలు, అంతే. నేను కాపీ చేసుకొచ్చినవి కొన్ని: "మొదటి 60 పేజీలు ఓపిక పట్టండి." "ఇంట్లో ఒక్కరే ఉన్నప్పుడు వద్దు. నేను బాత్రూమ్ లైటు కూడా వేసి పడుకున్నా." "కుక్క చచ్చిపోతుంది, ముందే చెప్తున్నా." "గ్రూప్ టూ అయ్యాక తీసుకోండి, నా బతుకు చూసి నేర్చుకోండి." మొదటి పేజీలో మేడమ్ ఎర్ర ఇంకుతో ఒకే నిబంధన రాసింది, హంతకుడి పేరు రాస్తే కార్డు రద్దు. ఫోన్లో నక్షత్రాలు చూసి కొన్న మూడు పుస్తకాలు నా అల్మరాలో ఇంకా ప్లాస్టిక్ కవర్లోనే ఉన్నాయి, ఈ లెక్కల పుస్తకం చూసి తీసుకున్నవి తొమ్మిది చదివేశా.

ఇప్పుడు తిట్లు. ఒకటి, చివరి పేజీలు. ఎవడో మహానుభావుడు ఆఖరి రెండు మూడు ఆకులు చింపుకుపోతున్నాడు, అన్నిటివీ కాదు, హత్యల పుస్తకాలవే. ఇప్పటికి నాలుగు చూశా. తీసుకునే ముందు చివరి పేజీ ఉందో లేదో చూసుకోండి, చదవకండి, ఉందో లేదో చూడండి చాలు. రెండు, కొత్త పుస్తకాలు దాదాపు లేవు. గత పదేళ్లలో వచ్చిన తెలుగు థ్రిల్లర్ ఒక్కటీ నాకు ర్యాకులో కనపడలేదు. ఇంటి పన్నుతో పాటు రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు కడుతున్నాం, మా నాన్న రసీదు తీసి చూశా, కడుతూనే ఉన్నాం. ఆ డబ్బులో ఏ ముక్క పుస్తకంగా మారి మా ఊరికొస్తుందో అడిగితే అందరూ పైకి చూపిస్తారు, పైన ఫ్యాను ఉంటుంది, అదీ తిరగదు. మూడు, వేళలు. పొద్దున ఎనిమిది నుంచి పదకొండు, సాయంత్రం నాలుగు నుంచి ఏడు, శుక్రవారం సెలవు. ఉద్యోగం చేసేవాళ్లకి ఆరున్నరకి బస్సు దిగి పరిగెత్తితే ఇరవై నిమిషాలు దక్కుతుంది. నా పుస్తకాలు సగం మా తమ్ముడు మారుస్తాడు, వాడికి బాబాయ్ తేదీల సంగతి తెలియదు, అట్ట మీద తుపాకీ ఉంటే చాలు తెచ్చేస్తాడు. ఆడవాళ్లకి బాత్రూమ్ గురించి రాయను, లేని దాని గురించి ఏం రాస్తాం.

మంచి లైబ్రరీ అంటే ఎట్లా ఉండాలో తెలియక కాదు. పక్కనే వేటపాలెంలో, మొన్నమొన్నటిదాకా మన ప్రకాశం జిల్లాలోదే, సారస్వత నికేతనం 1918 నుంచి నడుస్తోంది, భవనానికి 1929లో గాంధీ గారు పునాది వేశారు, పాత పత్రికల కోసం ఎక్కడెక్కడి పరిశోధకులో వస్తారు. మాకు అంత అక్కర్లేదు. ఏడాదికి ఓ యాభై కొత్త నవలలు, ఒక ఫ్యాను, ఆదివారం మధ్యాహ్నం తీసి ఉంచడం, ఇంతే.

మార్కులు వేయమంటే, సలహాలకి అయిదుకి అయిదు, పుస్తకాలకి రెండు, ఆ రెండూ కూడా బీరువాలో ఉన్నవాటికి. కొత్తగా చేరేవాళ్లు ఆధార్ జిరాక్స్, ఫొటో, కొంచెం డిపాజిట్టు డబ్బు తీసుకుపోండి, ఆ డబ్బు కార్డు మానేసేటప్పుడు తిరిగిస్తారు. పోయేది సాయంత్రం ఆరున్నర తర్వాతైతే మేడమ్ కాస్త తీరిగ్గా ఉంటుంది, పొద్దున పూటైతే బాబాయ్ మంచి హుషారులో ఉంటాడు. కేశవరెడ్డి పుస్తకం మాత్రం ఇప్పుడు అడక్కండి. బ్యారన్ పెదనాన్న రెండోసారి పట్టుకుపోయాడు, గడువు దాటి వారమైంది, బాబాయ్ ఫైన్ రాయడం లేదు, నా ముందు ఇంకా ఇద్దరున్నారు.